నూట నలభై మూడు ఖాళీ బుడగలు

ఆ శనివారం ఉదయం లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకల్లా గ్రంథాలయ శాఖ తలుపు తీయాలి. పదకొండింటికి అక్కడ చేరే శనివారం సంఘం వాళ్ళకి ఒక బొమ్మల నవల వినిపించాలి. పన్నెండింటికల్లా వాళ్ళంతా ఆ అర మీద పడి తలా నాలుగైదు పుస్తకాలు ఇంటికి మోసుకుపోవాలి. పథకాలన్నీ అట్టమీద బొమ్మలా ముచ్చటగానే ఉంటాయి. లోపల ఏముందో పేజీ తిప్పితే గాని తెలియదు.

అర అంటే గోడకి కొట్టిన రెండు చెక్కలు. పెద్దలు చదవదగ్గ బొమ్మల కథలు కూడా సాహిత్యమేనని రెండేళ్ళపాటు పెద్దాఫీసుకి ఉత్తరాలు రాసి, తనే పూచీపడి ఆమె తెప్పించిన అరవై పుస్తకాలు దానిమీద ఉన్నాయి. వచ్చి పదకొండు నెలలు దాటింది. పిల్లలు చూసి "ఇందులో కోతి లేదు" అని పోయారు. పెద్దలు చూసి "ఇందులో బొమ్మలున్నాయి" అని తప్పుకున్నారు. ఏడాదిలో ఒక్కసారైనా చదవడానికి బయటికి వెళ్ళని పుస్తకాన్ని చిత్తుకాగితాల కింద తూకానికి వేసెయ్యాలని నియమం. గడువు తొమ్మిది రోజులుంది. అరవైలో ఒక్కటి కూడా పాఠకుల చేతిలో గడప దాటలేదు.

"జనం చిత్రకథలంటే చిత్తుకథలనుకుంటున్నారండీ," అంది ఆమె, సంచిలో నల్ల అట్ట పుస్తకం ఒకటి సర్దుకుంటూ.

"పోనీలే, చిత్తయితే మాత్రం? నానబెట్టి మళ్ళీ కాగితం చేస్తారు. మళ్ళీ పుస్తకమవుతుంది. పునర్జన్మ," అన్నాడు భర్త. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎత్తిపొడుపు ఆయనకు వృత్తిధర్మం.

"ఈ జన్మలోనే ఎవరైనా చదివితే బాగుండునని నా ఏడుపు."

"నాన్న చేతిలో పెట్టు. ఆయన ఏది చదివినా ఆ సంఘం వాళ్ళు కళ్ళు మూసుకుని వింటారు."

ఇది మాటవరసకి అన్నది కాదు. నిజంగానే కళ్ళు మూసుకుని వింటారు. ఆ సంగతి కాసేపట్లో వస్తుంది.

ఆ నాన్నగారు, అంటే ఆమె మామగారు, కిటికీ పక్కన కూర్చుని దగ్గుమందు సీసాతో వచ్చిన కాగితాన్ని ఎర్ర సిరాతో దిద్దుతున్నాడు. బయట నాలుగు రోజులుగా ముసురు. ఆయన మీద ఎనిమిది నెలలుగా ముసురు. అత్తగారు పోయిన దగ్గర్నుంచి ఇంట్లో ఆయన నోటివెంట వచ్చిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అవి కూడా "ఇక్కడ కామా లేదు" లాంటివే. నలభై ఏళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. అక్కడివాళ్ళు ఆయన్ని ఎర్రసిరా అనే పిలిచేవారు, ఇప్పటికీ అదే పేరు. ఆయన్ని అచ్చుతప్పులకే తప్ప అచ్చటా ముచ్చటా దేనికీ పిలిచినవాళ్ళు లేరు.

"మామయ్యగారూ, ఇవాళ సంఘంలో ఇది చదవాలి మీరు," అని ఆమె నల్ల అట్ట పుస్తకం ముందు పెట్టింది.

ఆయన అట్ట తిప్పాడు, వెనక అట్ట తిప్పాడు, వెన్ను చూశాడు. "అట్టమీద పేరు నూలుపోగంత పక్కకి జరిగింది," అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

శాఖ నేలమట్టానికి నాలుగు మెట్లు కింద ఉంటుంది. పైన పళ్ళ ఆసుపత్రి. మామూలు గ్రంథాలయాల్లో "నిశ్శబ్దం పాటించండి" అని రాసి ఉంటుంది. ఇక్కడ అది పైకప్పుకి రాయాలి. పైనుంచి డ్రిల్లు చప్పుడు, దాని వెంబడే ఎవరిదో మూలుగు, రెండూ కలిసి పుస్తకాల మీద కురుస్తుంటాయి. వాటితోపాటు నీళ్ళు కూడా. పిల్లల విభాగంలో ఒక బకెట్టు శాశ్వత సభ్యత్వం తీసుకుని కూర్చుంది.

శనివారం సంఘం ఆ ఊళ్ళో పుస్తకప్రియులందరి వడపోత. ఎనిమిదిమంది. వాళ్ళు చదవని నవల లేదు, వాళ్ళకు నచ్చిన నవల కూడా లేదు. అధ్యక్షురాలు రిటైరైన లెక్కల హెడ్మిస్ట్రెస్. తర్వాత చెప్పుకోదగ్గవాళ్ళు పైన పళ్ళ డాక్టరు, ఎదురు వరసలో టైలరు. వాళ్ళ పద్ధతి ఏమిటంటే ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని వినాలి. కళ్ళు తెరిచి ఉంటే ధ్యాస చెదురుతుందని హెడ్మిస్ట్రెస్ పెట్టిన నియమం. మధ్యలో కన్ను తెరిచినవాళ్ళు మరుసటి వారం అందరికీ టీ తేవాలి. పదిహేనేళ్ళుగా చదివేది ఎర్రసిరాయే. ప్రెస్సులో ఒకరు పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు సరిచూసేవారు కనుక, ఆ అలవాటుకొద్దీ ఆయన కామాలు, ఫుల్‌స్టాపులతో సహా చదువుతాడు. వాళ్ళకి అదే రుచి పట్టింది. కామా అన్నచోట ఎనిమిదిమందీ ఊపిరి పీలుస్తారు.

లైబ్రేరియన్ లేచి ముందుమాట మొదలుపెట్టింది. "ఇది గొడుగులు బాగుచేసే ఒక ముసలాయన కథ. ఆయన భార్య చనిపోయింది. ఐనా ఆవిడ రోజూ ఇంట్లో కనిపిస్తూనే ఉంటుంది, ఏదో చెబుతూనే ఉంటుంది. ఇందులో మీరు ముఖ్యంగా చూడాల్సింది..."

"చూడాల్సింది అంటారేమిటండీ? వినాల్సింది అనండి," అంది హెడ్మిస్ట్రెస్, కళ్ళు మూసేసుకుని.

"అది కాదు మేడమ్, ఆవిడ మాటల బుడగలు..."

సరిగ్గా అప్పుడు పిల్లల విభాగంలో బకెట్టు నిండి పొర్లింది. ఆమె పరిగెత్తింది. నీళ్ళు పారబోసి, నేల తుడిచి, కింది అరలో తడిసిన నిఘంటువుని బోర్లించి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో జరగాల్సినదంతా జరిగిపోయింది.

జరిగింది ఇది. ఎర్రసిరా గొంతు సవరించుకుని, "మొదటి పేజీ," అన్నాడు. కాసేపు చూశాడు. పేజీ తిప్పాడు. "రెండో పేజీ." తిప్పాడు. "మూడో పేజీ. టప్, కామా, టప్, కామా, టప్, ఫుల్‌స్టాప్." అది వాన. "నాలుగో పేజీ. ఊఁ, ఆశ్చర్యార్థకం." అది ముసలాయన కుర్చీలోంచి లేవడం. ఆ తర్వాత పదకొండు పేజీల్లో ఒక్క అక్షరం లేదు. ఆయన తిప్పుతూ పోయాడు. మూసుకున్న ఎనిమిది జతల కళ్ళ ముందు కాగితాల గరగర తప్ప ఏమీ లేదు. టైలరు గురక అందుకున్నాడు. పళ్ళ డాక్టరు మాత్రం, "ఆహా, ఎంత ధైర్యం! ఇంత తక్కువ మాటల్లో ఇంత విసుగు ఎవరూ రాయలేదు," అని గొణిగాడు.

పదహారో పేజీ దగ్గర ఎర్రసిరా ఆగిపోయాడు. ఆ పేజీలో ముసలాయన భార్య గుమ్మంలో నిలబడి ఏదో అంటోంది. తలమీద మాటలు రాసే తెల్లటి బుడగ. బుడగలో ఏమీ లేదు. పక్క గడిలో మళ్ళీ అంటోంది. మళ్ళీ ఖాళీ. ఆయన చివరిదాకా గబగబా తిప్పి లెక్కపెట్టాడు. వంటింట్లో ఖాళీ, మేడమెట్ల మీద ఖాళీ, మంచం పక్కన ఖాళీ.

ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ప్రూఫులకి బొమ్మలు వచ్చేవి కావు. బొమ్మ ఉండాల్సినచోట ఒక ఖాళీ పెట్టె, అందులో పెన్సిలుతో అడ్డగీత. బొమ్మల సంగతి వేరే గదివాళ్ళు చూసుకునేవారు. నలభై ఏళ్ళలో ఆయన చూసింది అక్షరాలు, అక్షరాలు ఉండాల్సినచోట లేకపోవడం, ఈ రెండే. అందుకని ఆయన లేచి నిలబడ్డాడు.

"మాటలు పడిపోయాయి," అన్నాడు.

ఎనిమిదిమందీ కళ్ళు తెరిచారు. పదిహేనేళ్ళలో సంఘానికి టీ తేవలసినవాళ్ళు ఎనిమిదిమంది అవడం అదే మొదటిసారి.

"ఎక్కడ పడిపోయాయి?" అన్నాడు టైలరు, నిద్రమత్తులో కుర్చీ కింద చూస్తూ.

"అచ్చులో. ఆవిడ మాటలు ఒక్కటీ పడలేదు. నూట నలభై మూడు చోట్ల ఖాళీ. ఇంత పెద్ద తప్పు నా సర్వీసులో చూడలేదు."

"నూట నలభై మూడా?" అంది హెడ్మిస్ట్రెస్. ఆవిడకి అంకె వినపడితే చాలు. "ఒక్కదాంట్లోనే ఇన్నుంటే ఆ అరలో మిగతావాటి గతేంటి? మనం ఇంతమందిమి చదువుకున్నవాళ్ళం ఈ ఊళ్ళో ఉండి, తప్పుల పుస్తకాలు జనం చేతుల్లోకి పోనిస్తామా?"

లైబ్రేరియన్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఎనిమిదిమందీ అర ముందు నిలబడి పుస్తకాలు పంచుకుంటున్నారు. "నాకా లావుది." "అది నేను తీశానండీ." "మీకు ఏడిచ్చారు, నాకు ఆరేనా?" ఆమెకి కళ్ళు చెమర్చాయి. కారణం అడగలేదు. ఆనందం వచ్చినప్పుడు కారణం అడగకపోవడం ఆరోగ్యానికి మంచిదే గాని, ఉద్యోగానికి కాదు. యాభై తొమ్మిది పుస్తకాలకి ముద్ర కొట్టేసరికి ఆమె మణికట్టు వాచింది. ఈలోగా మూల బల్ల దగ్గర ఏదో రాస్తూ కూర్చున్న మామగారు అరవయ్యోది తన పేర రాయించుకుని, చంకలో పెట్టుకుని నడిచాడు.

ఇంటికి వెళ్ళే దారిలో ఆయన పోస్టాఫీసు ముందు ఆగి ఒక కవరు డబ్బాలో వేశాడు.

"ఎవరికి మామయ్యగారూ?"

"మీ పెద్దాఫీసుకి. ముద్రణ లోపం గురించి. పేజీల వారీగా పట్టిక జతపరిచాను."

ఆమెకు అప్పుడు విషయం తెలిసింది. నడివీధిలో, వానలో, గొడుగు పక్కకి వాలిపోగా నిలబడి, "అవి తప్పులు కావు మామయ్యగారూ," అంది. "బొమ్మలు వేసినాయన కావాలనే ఖాళీ ఉంచాడు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ముసలాయన వినిపించుకోలేదు. ఇప్పుడు ఆవిడ కనిపిస్తోంది గాని ఏమనేదో ఆయనకి గుర్తు రావడంలేదు. అందుకని ఖాళీ."

ఆయన డబ్బా వైపు చూశాడు.

"నలభై ఏళ్ళు కాపరం చేసి, ఒక్క మాటా గుర్తులేదా ఆయనకి?"

"లేదండి."

"అయితే అదీ తప్పే," అని ఆయన నడక సాగించాడు.

పైకప్పు కారుతోందని లైబ్రేరియన్ నాలుగేళ్ళుగా పెద్దాఫీసుకి రాస్తున్న ఉత్తరాలకు ఇంతవరకు జవాబు లేదు. అక్షరాలు కారిపోయాయని ఎర్రసిరా రాసిన ఉత్తరానికి మాత్రం గురువారానికల్లా ఫోను వచ్చింది. తనిఖీ అధికారి సోమవారం స్వయంగా వస్తాడు. ఫిర్యాదు విచారిస్తాడు, ఎలాగూ నెలాఖరే కనుక చదవని పుస్తకాలను అదే బండిలో తూకానికి తీసుకుపోతాడు. పాఠకులు గీతలు గీసిన పుస్తకాలు దొరికితే అవి కూడా బండికే.

"మా పుస్తకాలు అన్నీ పాఠకుల దగ్గరే ఉన్నాయి సార్, ఒక్కటి కూడా మిగల్లేదు," అంది ఆమె ధీమాగా.

"సంతోషం. శుభ్రంగా తెప్పించి ఉంచండి," అని ఆయన పెట్టేశాడు.

శనివారం పుస్తకాలు తిరిగివచ్చాయి. శుభ్రంగా మాత్రం రాలేదు. హెడ్మిస్ట్రెస్ తన వంతు పుస్తకాల్లో ప్రతి గడికీ వరస అంకె వేసి, గోడగడియారాల్లో ముళ్ళు కథలోని వేళకి సరిపోని ప్రతిచోటా సున్నా మార్కులు వేసింది. టైలరు గుండీలు లెక్కపెట్టాడు, ఒక గడిలో కోటుకి అయిదు గుండీలుండి పక్క గడిలో నాలుగైనచోట బాణం గుర్తు వేసి "ఎక్కడ ఊడింది?" అని రాశాడు. పళ్ళ డాక్టరు నవ్విన ప్రతి ముఖం మీదా చుట్టుగీత గీశాడు. ఒక యుద్ధఘట్టంలో చచ్చిపోతున్న సిపాయి పక్కన "పై దవడలో పద్దెనిమిది పళ్ళు, అసంభవం" అని ఉంది.

"ఇవేం పనులండీ!" అంది లైబ్రేరియన్.

"పెన్సిలే కదండీ," అన్నాడు డాక్టరు నొచ్చుకుంటూ. "కానీ ఆ సిపాయి కథ ఉంది చూడండి, రెండుసార్లు చూశాను. పళ్ళ కోసమే అనుకోండి."

ఆదివారం ఉదయం భార్యాభర్తలిద్దరూ ఇంట్లో నేలమీద కూర్చుని యాభై తొమ్మిది పుస్తకాలు రబ్బరుతో తుడవడం మొదలుపెట్టారు. వాన తుడుచుకుపోతున్న వీధికేసి చూస్తూ, పొడి ఊదుకుంటూ, మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. భర్త అరచేయి వాచింది.

"నేను పైకి కిందకీ తిప్పడమే గాని పక్కలకి తిప్పడం అలవాటు లేదోయ్," అన్నాడు ఆయన. "ఒక్క పుస్తకం పోతే పోనివ్వకూడదా?"

"పోనిస్తే అర మొత్తం పోతుంది. అర పోతే మళ్ళీ జన్మలో ఆ ఆఫీసు నా మాట నమ్మదు. తుడవండి."

చివరి పుస్తకం ముగించాక లెక్కపెడితే యాభై తొమ్మిదే. నల్ల అట్ట పుస్తకం లేదు. అది కిటికీ పక్క బల్లమీద ఉంది. మామగారు నడకకి వెళ్ళాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని తెరిచింది.

బుడగలు నిండి ఉన్నాయి. పెన్సిలు కాదు, సిరా. అచ్చక్షరాల్లాంటి ఆయన చేతిరాత, గీత గీసినట్టు తిన్నగా. ముసలాయన గొడుగుల దుకాణానికి బయల్దేరే బొమ్మలో ఆవిడ అంటోంది: "వానొచ్చేట్టుంది, గొడుగు తీసుకెళ్ళండి." పక్క గడిలో: "మీకే చెప్పేది." ఆ పక్క గడిలో: "పోనీ గోడకి చెబుతున్నా." అద్దం ముందు: "ఆ చొక్కా కాదు." వంటింట్లో: "చల్లారిపోతోంది." మేడమెట్ల మీద: "గడియ పెట్టారా? పెట్టానంటారు, పెట్టరు." మంచం పక్కన: "నా కళ్ళజోడు వెతుకుతుంటే నెత్తిమీదే ఉందని చెప్పరేం?" ఒకచోట, మొత్తం పేజీకి ఒకే బుడగ: "అసలు ఎవరితో మాట్లాడుతున్నాను నేను?"

నూట నలభై మూడింట్లో ఒక్కటంటే ఒక్కటి ప్రేమమాట లేదు. ఒక్కటంటే ఒక్కటి అత్తగారిది కాని మాట లేదు. చివరి పేజీలో ఆవిడ గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి ఉంది. అక్కడ బుడగ అన్నిటికన్నా పెద్దది, ఆయన రాసింది చిన్నది: "లైటు తీసెయ్యండి, ఊరికే వెలుగుతోంది."

భర్త ఆమె భుజం మీదుగా చదివాడు. "అమ్మే," అన్నాడు. ఒక అక్షరాన్ని వేలితో రుద్ది చూసి, "రబ్బరుతో పోదు కదూ?" అన్నాడు.

"పోదు," అంది ఆమె. పోతే ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

సోమవారం పదింటికి తనిఖీ అధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తడిసిన గొడుగులా ఉన్నాడు. వీధిలో బండి, బండిలో గోనెసంచులు. సంఘం వాళ్ళంతా పిలవకుండానే హాజరయ్యారు. పైన డ్రిల్లు ఆగింది. డాక్టరు కిందికి వచ్చేశాడు, నోరు తెరుచుకున్న ఎవరో పైన అలాగే ఉండిపోయారు.

అధికారి రిజిస్టరు చూశాడు. "అరవైకి అరవయ్యీ వెళ్ళాయే! బావుంది. ఇదెప్పుడూ చూళ్ళేదు," అన్నాడు. లైబ్రేరియన్‌కి తొమ్మిది రోజుల తర్వాత ఊపిరి ఆడింది. అధికారి మర్యాదకి హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగి, "అయితే ఇవన్నీ మీరే చదివారాండీ?" అని అడిగాడు.

"చదవడమా?" అంది ఆవిడ, ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు. "నేనేం పనీపాటా లేనిదాన్నా? తప్పులు పట్టడానికి తీసుకెళ్ళాను."

"నేను పళ్ళు చూడ్డానికి," అన్నాడు డాక్టరు.

"నేను గుండీలకి," అన్నాడు టైలరు.

అధికారి కలం మూత పెట్టాడు. "నియమం ప్రకారం చదవడానికి వెళ్తేనే లెక్కమ్మా. పరీక్షించడానికి వెళ్తే కాదు. పాఠకులే ఒప్పుకుంటున్నారు, నేనేం చెయ్యను? సంచులు తెప్పించండి."

యాభై తొమ్మిది పుస్తకాలు మంచులా తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా, చావుకి స్నానం చేయించినట్టు బల్లమీద ఉన్నాయి. సంచి నోరు విప్పుతున్న చప్పుడు వినిపించింది.

"ముందు ఆ ఫిర్యాదు సంగతి తేలుద్దాం. ఖాళీ బుడగలేవి?" అని అధికారి నల్ల అట్ట పుస్తకం తెరిచాడు. ఒక పేజీ చూశాడు. మరొకటి చూశాడు. "ఖాళీలేవండీ? అన్నీ నిండే ఉన్నాయి! ఇది చేతిరాత కదా? పుస్తకంలో ఎవరు రాశారు?"

"నేను," అన్నాడు ఎర్రసిరా లేచి. "తప్పు చూపించి ఊరుకోవడం పద్ధతి కాదు. దిద్దాను."

"గ్రంథాలయం పుస్తకంలో రాయడం నేరం, తెలుసా మీకు?"

"తెలుసు. ఖాళీ వదలడం అంతకన్నా నేరం."

అధికారి నేరం ఎంతమేరకు జరిగిందో నమోదు చెయ్యాలి గనుక మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. నిలబడి చదివాడు. కాసేపటికి కూర్చుని చదివాడు. "ఆ చొక్కా కాదు" దగ్గర తన చొక్కాకేసి చూసుకున్నాడు. "గడియ పెట్టారా" దగ్గర ఫోను తీసి, ఇంటికి చేసి, "తలుపు గడియ చూసుకో," అని పెట్టేశాడు. గది అంతా నిశ్శబ్దం. ఆ శాఖలో నిశ్శబ్దం అంటే ఎలా ఉంటుందో సిబ్బందికి అప్పుడే తెలిసింది. చివరి పేజీ అయ్యాక ఆయన పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి, అవసరంలేకపోయినా తుడిచాడు.

"వేరే శాఖల్లో ఈ పుస్తకం ఎన్ని ప్రతులున్నాయి?"

"ముప్పై ఎనిమిది సార్," అంది లైబ్రేరియన్.

"వాటన్నిట్లోనూ ఖాళీయేనా?"

"ఖాళీయే సార్. అసలు ఆ ఖాళీలు..."

"చెప్పకండమ్మా," అన్నాడు ఆయన చెయ్యెత్తి. "మీరు చెబితే నేను రాయాలి. నాకున్న నియమం ఇంకొకటుంది. దిద్దుబాటులో ఉన్న పుస్తకం ఆ పని పూర్తయ్యేదాకా తూకానికి వెళ్ళకూడదు. ముప్పై ఎనిమిదీ ఇక్కడికే పంపిస్తాను. పెద్దాయన సరిచేస్తారు, మీరు సరిచూసి సంతకం పెట్టండి. దిద్దుబాటు నడుస్తున్నన్నాళ్ళూ ఈ అర జోలికి ఎవరూ రారు. కానీ ఈ యాభై తొమ్మిదీ? ఇందులో కూడా తప్పులున్నాయన్నారు. ఆనవాలేదీ? ఒక్క గీత లేదు."

లైబ్రేరియన్‌కి తన భర్త వాచిన అరచేయి జ్ఞాపకం వచ్చింది. ఆయన ఆ వేళ సెలవు పెట్టి ఇంట్లో ఆ చేతికి కాపడం పెట్టుకుంటున్నాడు.

"ఎవరు తుడిచేశారు?" అంది హెడ్మిస్ట్రెస్, క్లాసు మొత్తాన్ని బెంచీ ఎక్కించబోతున్న గొంతుతో. "నా మార్కులు తుడిచేస్తారా? ఇలా ఇవ్వండి."

ఎనిమిది పెన్సిళ్ళు లేచాయి. ముప్పావుగంటలో అరవై పుస్తకాల అర మళ్ళీ గీతలతో, బాణాలతో, సున్నాలతో నిండిపోయింది. తుడిపేశారన్న కసితో ఈసారి ఇంకా గట్టిగా వేశారు. డాక్టరు సిపాయి దగ్గరికి వచ్చి, పద్దెనిమిది పళ్ళు మళ్ళీ లెక్కపెట్టి, "పోయాడు పాపం," అని ముక్కు చీదాడు. అధికారి అరవై పుస్తకాలకీ కలిపి ఒకే వాక్యం రాశాడు: దిద్దుబాటు జరుగుచున్నది. ఖాళీ సంచులతో బండి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అర మీద ఒక్క పుస్తకం కూడా నిలవడంలేదు. సంఘంవాళ్ళు వారంవారం తీసుకెళ్తారు, తప్పుల కోసమే. టైలరు ఒకే పుస్తకాన్ని నాలుగోసారి పట్టుకెళ్తూ, "ఇంకా ఏదో అనుమానంగా ఉందండీ," అన్నాడు. చదువుతున్నారా అని మాత్రం ఎవరూ ఎవరినీ అడగరు.

ముప్పై ఎనిమిది ప్రతులూ వచ్చాయి. ఎర్రసిరా కిటికీ పక్కన కూర్చుని వారానికొకటి నింపుతున్నాడు. భోజనానికి పిలిస్తే "చల్లారనీ" అంటున్నాడు. ఇంట్లో అదొక సంభాషణ కింద లెక్క. కోడలికి కొత్త దిగులు పట్టుకుంది. ముప్పై ఎనిమిదీ పూర్తయిన రోజున దిద్దుబాటు ముగుస్తుంది, నియమం అర దగ్గరికి మళ్ళీ వస్తుంది. ఏదో ఒక ప్రతిలో ఏదో ఒక తప్పు దొరికితే వెనక్కి పంపవచ్చు, దిద్దుబాటు ఇంకా సాగుతుంది. కానీ అది నలభై ఏళ్ళలో ఒక్క తప్పు పోనివ్వని చెయ్యి. ఎనిమిది ప్రతులు ఆమె భూతద్దంతో చూసింది. మొదటిదానికి ఎనిమిదోదానికి కామా కూడా తేడా లేదు.

తొమ్మిదో ప్రతిలో, అద్దం ముందు బొమ్మలో, "ఆ చొక్కా కాదు" ఉండాల్సినచోట, ఆవిడ "ఈ చొక్కా మీకు బావుంది" అంటోంది.

కోడలు దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత పక్కన ఎర్ర సిరాతో "మూలంలో లేదు" అని రాసి, ప్రతిని మామగారికి తిప్పి పంపింది.